రోజర్ అంటే ఒప్పుకున్నట్టా?

నేను సెలవు మీద వచ్చి సంగారెడ్డిలో బస్సు దిగేసరికే మా బాపు పాత బజారంతా పాలకోవా పేడాలు పంచేసి కూర్చున్నాడు. ఎందుకు పంచాడో నాకు తెలియదు. బస్టాండు నుంచి మా దుకాణం దాకా నడిచేలోపు ముగ్గురు ఆపి చెయ్యి కలిపారు. పక్కనున్న బట్టల దుకాణం పెద్దమనిషి నా భుజం తట్టి, మంచి పని చేశావు, ఇక ఇంటిపట్టున ఉంటావు అన్నాడు. నేను నవ్వాను. అర్థం కానప్పుడు నవ్వి ఊరుకోవడం సర్వీసు నాకు నేర్పిన మొదటి విద్య. పై అధికారి జోకు వేసినా, తిట్టినా ఆ నవ్వే పనికొస్తుంది.

మాది కందులు, పెసర్లు, బెల్లం అమ్మే హోల్‌సేల్ దుకాణం. సంగతేమిటో బాపు నోటినుంచే తెలిసింది. నేను సర్వీసు వదిలేసి వచ్చేస్తున్నానట. బొంతపల్లి దగ్గర ఒక మందుల కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్‌గా చేరబోతున్నానట. ఆ మాట నేనే ఫోన్‌లో నా భార్యకు చెప్పానట, ఆమె మామగారికి చెప్పిందట. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. నేనెవరికీ ఏ మాటా ఇవ్వలేదు. కానీ బాపు మొహంలో అంత వెలుగు చూసి చాలా ఏళ్ళయింది. ఆయన నా చేతిలో ఒక పేడా పెట్టాడు. ఏం చెప్పాలో తోచక తినేశాను.

నేను హెలికాప్టర్ పైలట్‌ని. చేరి ఇరవై ఏళ్ళు కావస్తోంది. ఇరవై నిండితే పింఛనుతో బయటికి రావచ్చు, లేదా ఇంకొన్నాళ్ళు ఉండొచ్చు. ఏది కావాలో చెప్పమని పైవాళ్ళు ఒక ఫారం ఇచ్చారు. దానిమీద రెండు గళ్ళు ఉన్నాయి, ఉంటాను అని ఒకటి, వెళ్తాను అని ఒకటి. సెలవు అయిపోయేలోపు ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టి పట్టుకెళ్ళాలి. ఆ ఫారం నా సూట్‌కేసులో చొక్కాల కింద ఖాళీగా ఉంది.

సర్వీసు ఎలా ఉంటుందని నన్నడిగితే రోజును బట్టి జవాబు చెప్తాను. నలభై రెండేళ్ళు వచ్చినా ఎప్పుడు సెలవు తీసుకోవాలో, జుట్టు ఎంత పొడవుండాలో ఇంకొకరు చెప్పాలి. అది నాకు చిరాకు. రేపు ఏం చెయ్యాలో కూడా ఇంకొకరే చెప్తారు గనక కంటినిండా నిద్రపడుతుంది. అది నాకు హాయి. చిరాకూ హాయీ ఒకే చోటినుంచి వస్తుంటే వదలాలో పట్టుకోవాలో ఎలా తెలుస్తుంది? అడకత్తెరలో పోకచెక్క అంటారు గానీ, ఆ పోకచెక్కకు కనీసం తానెటు విరుగుతుందో ఆలోచించే పని లేదు.

నా భార్య, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి నాలుగేళ్ళుగా కిష్టారెడ్డిపేటలో మా ఫ్లాటులో ఉంటున్నారు. నా భార్య పటాన్‌చెరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తుంది. ఆ సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి బీరువా తలుపుకు మూడు కొత్త చొక్కాలు వేలాడుతున్నాయి. ఇస్త్రీ చేసినవి, యూనిఫారం కానివి. ఫ్యాక్టరీకి వేసుకుపోవడానికి. వాటిని చూశాక ఈరోజు కాదు, రేపు అడుగుదాం అనుకున్నాను. అలా వారం గడిచింది. ఆ వారమంతా మా ఇంట్లో అందరూ ఏదో పెద్ద పండుగకు తయారవుతున్నట్టు ఉన్నారు. మా అమ్మాయి ఒకరోజు, “డాడీ, నీకు చపాతీ చెయ్యొస్తదా?” అని అడిగింది. రాదన్నాను. నేర్చుకో అన్నది. పిల్ల ఆటపట్టిస్తోందనుకున్నాను.

ఆ ఫోన్ సంగతి నాకు కొద్దికొద్దిగా గుర్తొచ్చింది. మా స్థావరం కొండల్లో ఉంటుంది. మెస్సు వెనక ఒక బండరాయి ఎక్కి నిలబడితే సిగ్నల్ వస్తుంది, గాలి వీస్తే పోతుంది. ఆ రోజు నా భార్య చాలాసేపు మాట్లాడింది. మాటలు తెగి తెగి వినిపించాయి. బొంతపల్లి, కంపెనీ, సేఫ్టీ ఆఫీసర్, మీరు వస్తే... ఈ ముక్కలే నా చెవిన పడ్డాయి. చివర ఏమంటరు అని అడిగింది. నేను రోజర్ అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని భోజనానికి వెళ్ళిపోయాను.

ఇక్కడ నా తప్పేమిటో నాకు నిజంగానే అర్థం కాలేదు. రేడియోలో రోజర్ అంటే నీ మాట నాకు అందింది అని. అంతే. అవును అనడానికి వేరే మాట ఉంది, అలాగే చేస్తాను అనడానికి ఇంకో మాట ఉంది. మొదటి నెలలోనే మాకు ఈ తేడా నెత్తిన మొట్టి నేర్పుతారు. కథ చెప్తుంటే పిల్లలు ఊ కొడతారు. ఊ కొట్టినంత మాత్రాన కథలో రాక్షసుడు చేసిన పనికి వాళ్ళు ఒప్పుకున్నట్టా? ఇలా నాతో నేను వాదించుకునేవాణ్ణి. వాదనలో నేనే గెలిచేవాణ్ణి. అయినా సుఖంగా ఉండేది కాదు.

మధ్యాహ్నాలు దుకాణానికి వెళ్ళి కూర్చునేవాణ్ణి. అక్కడికి రోజూ ఇద్దరు వస్తారు, ఒకరు రిటైరైన టీచరు, ఇంకొకరు ఇనుము వ్యాపారి. ఇద్దరివీ వేర్వేరు పార్టీలు. సరిహద్దు గురించి, ఢిల్లీ గురించి, రాబోయే ఎన్నికల గురించి కొట్టుకుంటారు, చాయ్ మాత్రం కలిసి తాగుతారు. నేను కనబడేసరికి ఇద్దరూ నావైపు తిరిగి తీర్పు అడిగారు. సర్వీసులో ఉన్నవాళ్ళు రాజకీయాలు మాట్లాడకూడదని చెప్పాను. ఇప్పుడు వదిలేస్తున్నావు కదా, చెప్పు అన్నారు. ఏమీ చెప్పలేక ఊరుకున్నాను. మౌనం అర్ధాంగీకారం అంటారు. నా మౌనాన్ని చెరిసగం పంచుకుని, నేను తన పార్టీవాడినేనని ఎవరికి వారు తృప్తిపడ్డారు.

నిజం చెప్పాలంటే నాకు ఏ అభిప్రాయం ఉందో నాకే తెలియదు. మెస్సులో భోజనాల దగ్గర ఎవడైనా రాజకీయం ఎత్తితే ఆ పూట అందరి తాగుడూ వాడి ఖర్చే అని ఒక ఆనవాయితీ. ఇరవై ఏళ్ళు ఎత్తకుండా ఉంటే లోపల ఉన్నది ఉంటుందా, ఎండిపోతుందా? ఎన్నికలప్పుడు పోస్టులో ఓటు కాగితం వచ్చేది. దానిమీద పేర్లలో ఒక్కటీ తెలిసేది కాదు. బాపుకు ఫోన్ చేస్తే ఒక పేరు, నా భార్యకు చేస్తే ఇంకో పేరు చెప్పేవాళ్ళు. ఒకసారి వరదల్లో ఒక రైతును మిద్దె మీదినుంచి పైకి లాగబోతే, తన బర్రెను కూడా ఎక్కించుకుంటేనే వస్తానని మొండికేశాడు. దేశం గురించి ఎవరైనా గొంతు పెంచి మాట్లాడితే నాకు ఆ మనిషే గుర్తొస్తాడు. ఆ మాట ఇనుము వ్యాపారికి చెప్తే, మరి బర్రెను ఎక్కించుకున్నారా అని అడిగాడు. నాకు కోపమొచ్చి లేచి వచ్చేశాను. కోపం ఎందుకొచ్చిందో దారిలో ఎంత ఆలోచించినా తెలియలేదు. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు మరి.

ఆ ఆదివారం నా భార్య నా బ్యాచివాళ్ళిద్దరిని భోజనానికి పిలిచింది. ఒకడు ఇప్పటికీ సర్వీసులోనే ఉన్నాడు, బొంతపల్లి అవతల కుర్ర పైలట్లకు శిక్షణ ఇస్తుంటాడు. రెండోవాడు ఆరేళ్ళ కింద వదిలేసి ప్రైవేటు హెలికాప్టర్ నడుపుతున్నాడు. ఇద్దరూ ఉత్తరాదివాళ్ళు, మాటలన్నీ హిందీలోనే. పచ్చిపులుసు మొదటిసారి రుచి చూసి ఇద్దరూ గిన్నె ఖాళీ చేశారు.

శిక్షకుడు నన్ను వెళ్ళొద్దన్నాడు. బయట నిన్ను సార్ అని పిలిచేవాడు రెండో నెలలో పేరు పెట్టి పిలుస్తాడు, మూడో నెలలో హాజరు కార్డు మెళ్ళో వేస్తాడు అన్నాడు. వదిలేసినవాడు వెంటనే వచ్చెయ్ అన్నాడు. పెళ్ళాంబిడ్డల మొహం రోజూ చూడొచ్చు, బదిలీ లేదు, పెట్టెలు సర్దుకోవడం లేదు అన్నాడు. ఇద్దరూ నా ఎదుటే అరగంట వాదించుకున్నారు. తర్వాత నేను నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్తే బాల్కనీ కిటికీలోంచి మాటలు వినపడ్డాయి. శిక్షకుడు గొంతు తగ్గించి, మీ కంపెనీలో ఖాళీ ఉంటే చెప్పు అంటున్నాడు. రెండోవాడు, మీ దగ్గర ఉదయం బ్రీఫింగ్ ఇప్పటికీ ఆరింటికేనా, ఒకరోజు వచ్చి ఊరికే కూర్చోనిస్తారా అని అడుగుతున్నాడు. ఇక నేనెవరి మాట వినాలి?

వదిలేసినవాడు ఎన్నికలప్పుడు నాయకులను సభలకు తీసుకెళ్తాడు. అన్ని పార్టీలవాళ్ళనూ ఎక్కించుకున్నాడు. వాళ్ళలో తేడా ఏమిటని అడిగాను. నేలమీద చాలా తేడా ఉంది, గాల్లోకి లేచాక లేదన్నాడు. సభ దగ్గరపడగానే అందరూ ముందుకు వంగి ఒకే ప్రశ్న అడుగుతారట, కింద జనం ఎంతమంది కనబడుతున్నారు అని. చాలామంది సార్ అని అందరికీ ఒకే జవాబు చెప్తాడట. నా భార్య అది విని పకపకా నవ్వింది. ఆమె అంత నవ్వుతుంటే, నేను మాటివ్వలేదని చెప్పడం మళ్ళీ వెనక్కి పోయింది.

బుధవారం కంపెనీకి వెళ్ళాను. కొత్త చొక్కాల్లో ఒకటి వేసుకున్నాను. అక్కడి మేనేజరు నన్ను ప్లాంటంతా తిప్పాడు. కప్పు మీద ఎర్రతెల్ల చారల గాలిసంచి ఒకటి ఎగురుతోంది. మాకూ ఉంటుంది, గాలి ఎటు వీస్తోందో అది చూసే దిగుతాం. ఇక్కడెందుకు అని అడిగాను. గ్యాసు లీకైతే ఏ దిక్కుకు పరుగెత్తాలో తెలియడానికి అన్నాడు. నాకది నచ్చింది. నిజానికి చాలా నచ్చింది. సైరన్లు, అత్యవసర ద్వారాలు, ఎవరు ఎవరిని లెక్కపెట్టాలి, ఇదంతా నాకు తెలిసిన పనే. ఒడిశా నుంచి వచ్చిన కార్మికులు హిందీలో మాట్లాడితే, సంగారెడ్డి బజారులో కంటే నాకు అక్కడే నాలుక తేలికగా కదిలింది. నచ్చకపోతే బాగుండేది. రానని చెప్పడానికి ఒక సాకైనా దొరికేది.

సర్వీసు ఎందుకు వదిలేస్తున్నారని మేనేజరు అడిగాడు. అంతలో పైనుంచి శిక్షణ విమానం ఒకటి పోయింది. నేను తలెత్తి, అది మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా చూశాను. తల దించేసరికి మేనేజరు రెండు షెడ్లు దాటిపోయి నాకోసం ఆగి ఉన్నాడు. ఇంటి పరిస్థితులు అన్నాను. అందరూ అదే చెప్తారు అని నవ్వాడు. సర్వీసు నుంచి విడుదల కాగానే, వచ్చే ఒకటో తారీఖున చేరండి అన్నాడు.

ఇక దాచి లాభం లేదని శుక్రవారం సాయంత్రం చెప్పేశాను. నా భార్య బడి నుంచి వచ్చి చాయ్ తాగుతోంది. నేను వస్తానని నీకు మాటివ్వలేదు, రోజర్ అన్నాను, రోజర్ అంటే విన్నానని మాత్రమే, ఒప్పుకున్నానని కాదు అని చెప్పాను. కుర్ర పైలట్లకు చెప్పినట్టు చక్కగా విడమరిచి చెప్పాను. ఆ తేడా ఆమెకు అర్థమైతే నా తప్పు సగం తగ్గుతుందని నా ఆశ.

ఆమెకు అర్థమైంది. గ్లాసు కింద పెట్టింది.

“పాప పుట్టేటప్పుడు ఆపరేషన్ చెయ్యాలంటున్నరు, ఏం చెయ్యమంటరని ఫోన్ చేసిన. రోజర్ అన్నరు. మీరు సరేనన్నరనుకొని సంతకం పెట్టిన. ఫ్లాటు గీ కిష్టారెడ్డిపేటలనే తీస్కుందమన్న. రోజర్ అన్నరు. పాపను తీస్కొని ఈడనే ఉంట, మీ ఎంబడి ఇగ తిరగలేనన్న. గప్పుడూ గదే అన్నరు.” నావైపు తిరిగింది. “అయితే గవన్నీ నేనొక్కదాన్నే చేసిన్నా?”

ఆమె ఏడ్చి ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ణి. ఏడవలేదు. పద్దెనిమిదేళ్ళుగా పక్కన ఒక మనిషి ఉన్నాడనుకుని మాట్లాడుతూ, తిరిగి చూస్తే ఎవరూ లేనట్టుగా ఆమె నన్ను చూసింది. నాకు సిగ్గేసింది. జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. ఇన్నాళ్ళూ నేను ఏ కొండమీద ఉన్నా ఇంటి నిర్ణయాలన్నీ ఇద్దరం కలిసే తీసుకుంటున్నామని గట్టిగా నమ్మాను. ఆమె కూడా అదే నమ్మింది. ఇద్దరిలో ఎవరి నమ్మకం ఎక్కువ పిచ్చిదో నాకు తెలియలేదు.

శనివారం ఆమె పొద్దున్నే బడికి వెళ్ళింది. నేను సూట్‌కేసు తెరిచి ఫారం బయటికి తీశాను. చాలాసేపు దానిముందు కూర్చున్నాను. ఎగరడం మీంచి మనసు పోలేదు, ఫ్యాక్టరీ మీద మనసు పడకపోలేదు, బాపు పేడాలు, మిత్రుల గొడవ, ఏదీ దేన్నీ గెలవలేదు. చివరికి వాటిలో ఏదీ కాదు, నా భార్య అడిగిన ఆ ఒక్క ప్రశ్నే నా చేత కలం పట్టించింది. వెళ్తాను అన్న గడిలో టిక్కు పెట్టాను. టిక్కు పెట్టాక మనసు తేలికపడుతుందని విన్నాను. పడలేదు. కానీ మొదటిసారి ఆమె అడిగినదానికి నేను అవునన్నాను కదా అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఆమె మంచం మీద ఉతికిన బట్టల కుప్ప వేసుకుని మడతపెడుతోంది. ఫారం తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాను. వచ్చేస్తున్నాను, నువ్వు అడిగినట్టే చేశాను అన్నాను.

ఆమె ఫారం చదివింది. రెండు గళ్ళనూ చూసింది.

“నేనేం అడిగిన?” అన్నది.

“సర్వీసు వదిలి బొంతపల్లి కంపెనీల చేరుమన్నవ్ గద.”

“నేను గట్ల అడగలే.”

తర్వాత చెప్పింది. వాళ్ళ బడి మేనేజ్‌మెంటువాళ్ళు నారాయణఖేడ్ వైపు ఆడపిల్లలకు హాస్టలుతో కొత్త బడి పెట్టారు. దానికి ప్రిన్సిపాల్‌గా రమ్మని ఆమెను అడిగారు. అక్కడే పిల్లలతో పాటు ఉండాలి. ఇంతకుముందు ఇలాంటి అవకాశాలు రెండు నా బదిలీల వల్ల పోయాయి. ఇది మూడోది. అమ్మాయి చదువు పటాన్‌చెరులో, అందుకని నేను వచ్చి ఇల్లు చూసుకుంటేనే ఆమె వెళ్ళగలదు. నేను ఖాళీగా ఉండలేను గనక నాకోసం ఈ చుట్టుపక్కలే ఒక పని వెతికింది. బొంతపల్లి కంపెనీ కథంతా అదే. ఫోన్‌లో ఆమె చెప్పిందంతా ఆ బడి గురించే. తెగి తెగి వచ్చిన మాటల్లో నేను నాకు సంబంధించినవి మాత్రమే ఏరుకున్నాను. విన్నాను, ఒప్పుకోలేదు అని శుక్రవారం అంత ధీమాగా వాదించానే, నేను విననే లేదు.

మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఎత్తలేదని అడిగాను.

“మీరు ఆ మాటే తీస్తలేరు. నేను పోవుడు ఇష్టం లేదేమో, మొహం మీద అనలేక ఊకున్నరేమో అనుకున్న. మీరే ఒక్కసారి అడుగుతరని చూసిన.”

“ఇప్పుడు పో. నేను వస్తున్న గద.”

“నిన్ననే ఆఖరు రోజుండె. మీరు మాటియ్యలేదన్నంక, పొద్దుగాల పోయి, రానని రాసిచ్చొచ్చిన.”

నేను ఫారం పెట్టుకుని కూర్చున్న గంటలోనే ఆమె పటాన్‌చెరులో ఇంకో కాగితం మీద సంతకం పెట్టి వచ్చింది. ఇప్పుడు నేను ఎవరికోసం వస్తున్నట్టు? రావాలా, వద్దా? ఈ ఫారం చింపేసి కొత్తది అడగాలా? ఆమె మాత్రం అమ్మాయి బడి యూనిఫారం తీసి, కాలరు సరిచేసి, దాని చేతులు వెనక్కి మడిచింది.

మాకు రన్‌వే మీదికి రమ్మన్నప్పుడు, ఎత్తు మార్చమన్నప్పుడు రోజర్ అంటే సరిపోదు. విన్నది విన్నట్టు తిరిగి అప్పజెప్పాలి. అవతలివాడు సరిగ్గా ఉందంటేనే కదలాలి. ప్రాణాలతో ముడిపడ్డ మాటకు ఊ కొడితే చాలదని ఇరవై ఏళ్ళుగా నాకు తెలుసు. రేడియోలో తెలుసు. ఇంట్లో ఒక్కనాడూ తోచలేదు.

“మల్ల చెప్పు,” అన్నాను. “మొదటి నుంచి. ఒక్కో మాట చెప్పు, నేను తిరిగి చెప్త.”

ఆమె తలెత్తి నన్ను చూసింది. ఆటపట్టిస్తున్నాననుకుందేమో. తర్వాత పిల్లలకు డిక్టేషన్ చెప్పే గొంతుతో, చూపు బట్టల మీదినుంచి తిప్పకుండా మొదలుపెట్టింది.

“నన్ను ప్రిన్సిపాల్‌గ రమ్మన్నరు.”

“నిన్ను ప్రిన్సిపాల్‌గ రమ్మన్నరు.”

“మీరు ఈడ ఉంటేనే నేను పోగలుగుత.”

“నేను ఈడ ఉంటేనే నువ్వు పోగలుగుతవ్.”

“నాకు పోవాలని ఉండె.”

“నీకు పోవాలని ఉన్నది.”

ఆమె టవల్ రెండు మడతలు పెట్టి, మూడో మడత దగ్గర ఆగింది.

“ఉన్నది కాదు,” అన్నది. “ఉండె.”